ర్యాలీ వద్దు, పంపు కొనండి: చిన్న ఊళ్ళో సైకిలు మళ్ళీ అలవాటు చేయించే పద్ధతి

ముందే చెప్పేస్తున్నాను, ఇందులో సైకిల్ ర్యాలీ ఎలా పెట్టాలో ఉండదు. ర్యాలీ పెట్టడం రానివాళ్ళు మన శ్రీకాకుళం జిల్లాలో ఎవరూ లేరు. జూన్ 3 ప్రపంచ సైకిల్ దినోత్సవం, 2018లో ఐక్యరాజ్యసమితి ప్రకటించింది. ఆ రోజు పొద్దున్నే తెల్ల టీషర్టులు, బ్యానరు, జెండా ఊపడానికి ఒక పెద్దమనిషి, రెండు కిలోమీటర్లు తొక్కి ఏడు రోడ్ల జంక్షన్ దగ్గర ఫొటో, ఉప్మా, ఆ తర్వాత సైకిళ్ళని ఆటోలో పడేసి అందరూ బైకుల మీద ఇంటికి. నేనూ రెండుసార్లు వెళ్ళాను, ఆ టీషర్టులు మా ఇంట్లో ఇప్పటికీ ఫ్యాన్లు తుడవడానికి పనికొస్తున్నాయి. మర్నాడు పాల ప్యాకెట్టు కోసం సైకిలు తీసినవాడు మాత్రం ఆ గుంపులో ఒక్కడూ లేడు, నాతో సహా.

ఎందుకు తీయలేదో నాకు అర్థమవడానికి చాలాకాలం పట్టింది. సైకిలు ఒంటికి మంచిదని తెలియని మనిషి ఎవడూ లేడు, ఆ మాట మైకులో చెప్పక్కర్లేదు. ఇంట్లో ఉన్న సైకిల్లో గాలి లేదు, అదీ సంగతి. గాలి ఉన్నా, పక్కింటాయన "ఏటి, బండి పాడైందా?" అని అడుగుతాడు. గాలి, నామోషీ. ఈ రెండింటి సంగతి చూస్తే మిగతావి మెల్లగా సర్దుకుంటాయి. మా కాలనీలో మేం చేసిన పనులు, చేసి చెడగొట్టుకున్న పనులు కూడా వరసగా చెప్తాను.

నిజానికి శ్రీకాకుళం సైకిలుకి సరిపోయే ఊరు. నాగావళి ఒడ్డున చదును నేల, ఎత్తు అంటే వంతెన ఎక్కడమే. ఏడు రోడ్ల నుంచి అరసవల్లి గుడికి రెండు మూడు కిలోమీటర్లు. తాపీగా తొక్కినా గంటకి 12 కిలోమీటర్లు పోతాం కాబట్టి 3 కిలోమీటర్లంటే పావుగంట. బైకు తాళం వెతికి, బయటికి తీసి, డే అండ్ నైట్ జంక్షన్ దగ్గర ఆగి, మార్కెట్ దగ్గర పెట్టడానికి చోటు చూసుకునేసరికి దానికీ పది నిమిషాలవుతుంది. ఆమదాలవలస స్టేషన్‌కి 13 కిలోమీటర్లు ఉంటుంది, అది రోజూ తొక్కే దూరం కాదు, దాని జోలికి ఎవర్నీ లాగకండి. మనకి కావాల్సింది 3 కిలోమీటర్ల లోపు పనులు, అంతే.

1. ముందు మీరు ఒక నెల తొక్కండి, ఎవరికీ చెప్పకుండా

ఒక్క పని ఎంచుకోండి. పాలు, రైతుబజారు, పిల్లాడి ట్యూషన్, శనివారం గుడి, ఏదో ఒకటి. ఆ పనికి నెల రోజులపాటు సైకిలే. స్టేటస్ పెట్టొద్దు, గ్రూపు తెరవొద్దు, హెల్మెట్టూ బిగుతు నిక్కర్లూ కొనొద్దు. లుంగీ మీద వెళ్ళేవాళ్ళు లుంగీ మీదే వెళ్ళండి (చైనుకి కవరు ఉంటేనే, దాని గురించి తర్వాత చెప్తా).

ఈ నెల ఎందుకంటే, ఊళ్ళో సైకిలు తొక్కడంలో ఉన్న అసలు ఇబ్బందులు మీకు ఒంటికి తెలియాలి. ఏ కల్వర్టు దగ్గర ఇసక మేట వేసి చక్రం జారుతుందో, ఏ సందులో కుక్కలు వెంటపడతాయో, ఏ కొట్టు ముందు సైకిలు పెడితే ఓనరు తిడతాడో, ఇవి తెలియకుండా పదిమందికి చెప్పబోతే మొదటి ప్రశ్నకే దొరికిపోతాం. నాకు మొదటి వారంలోనే తెలిసొచ్చింది ఏమిటంటే, సీటు కిందికి ఉంటే మోకాళ్ళు లాగేస్తాయి. పెడల్ అట్టడుగున ఉన్నప్పుడు మడమ పెడితే కాలు దాదాపు నిటారుగా ఉండాలి, అది సరైన ఎత్తు. మనూళ్ళో సగంమంది సీటు కిందికి దించుకుని, కప్పలా మోకాళ్ళు ఎగరేస్తూ తొక్కుతుంటారు, తర్వాత సైకిలు తొక్కితే మోకాళ్ళ నొప్పులంటారు.

2. ఇప్పటికే తొక్కుతున్నవాళ్ళని చూడండి

ఒక రోజు పొద్దున్న 6 నుంచి 8 దాకా మీకు దగ్గర్లో ఉన్న జంక్షన్లో టీ గ్లాసు పట్టుకుని నిలబడి, పోయిన ప్రతి సైకిలుకీ కాగితం మీద ఒక గీత పెట్టండి. ఆడవాళ్ళకి ఒక వరస, బడి పిల్లలకి ఒకటి, పనికి పోయేవాళ్ళకి ఒకటి. సైకిలు ఊళ్ళోంచి పోయిందనుకున్న మీ అభిప్రాయం ఆ రెండు గంటల్లోనే మారిపోతుంది. టిఫిన్ క్యారేజీ హ్యాండిలుకి తగిలించుకుని చుట్టుపక్కల ఊళ్ళ నుంచి వచ్చే తాపీ పనివాళ్ళు, పేపరు కుర్రాళ్ళు, పాల క్యాన్లవాళ్ళు, రాత్రి డ్యూటీ దిగిన వాచ్‌మెన్లు. వాళ్ళు ర్యాలీకి రారు, పిలిచినవాడూ లేడు.

మీరు చేసే ప్రతి పనీ ముందు వాళ్ళకి పనికిరావాలి. కొత్తవాళ్ళకి నేర్పడం తర్వాత మాట, ఉన్నవాళ్ళు రేపు సెకండ్ హ్యాండ్ బండి కొనుక్కుని మానేయకుండా చూడటం ముందు. వాళ్ళలో ఇద్దర్ని ఆపి "సైకిలుతో మీకు ఏం కష్టం" అని అడగండి. నేనడిగితే ఒక తాపీ మేస్త్రీ టక్కున చెప్పాడు: "గాలి బాబూ. దార్లో గాలి పోతే కొట్టించుకుందికి షాపు నేదు, రోజు కూలి పోద్ది." ఈ వ్యాసం శీర్షిక ఆయనదే అనుకోండి.

3. మెట్ల కింద సైకిళ్ళు బయటికి తీయించండి

ఇది అన్నిటికంటే పెద్ద పని, సరదా పని కూడా. మన వీధుల్లో ఏ ఇంటికి వెళ్ళినా మెట్ల కిందో, డాబా మీద వాటర్ ట్యాంకు పక్కనో ఒక సైకిలు ఉంటుంది. పదో తరగతిలో కొన్నది, ఇంటర్‌కి స్కూటీ రాగానే పక్కన పడేసింది. కొన్ని ఇళ్ళలో ప్రభుత్వం 'బడికొస్తా' పేరుతో హైస్కూలు ఆడపిల్లలకి ఇచ్చిన సైకిళ్ళు కూడా కనిపిస్తాయి, ఆ పిల్లలకి పెళ్ళిళ్ళు కూడా అయిపోయుంటాయి. కొత్త సైకిళ్ళు కొనమని ఎవరినీ అడగక్కర్లేదు. (కొంటామనేవాళ్ళకి మాత్రం ఒక మాట, 2025 సెప్టెంబరు 22 నుంచి సైకిళ్ళ మీద జీఎస్టీ 12 నుంచి 5 శాతానికి తగ్గింది.)

ఒక ఆదివారం పొద్దున్న వీధి చివర చెట్టు కింద ఒక గోనెపట్టా పరిచి, ఒక పళ్ళెంలో కిరసనాయిలు దొరికితే కిరసనాయిలు, లేకపోతే డీజిలు, పాత టూత్‌బ్రష్షులు, గుడ్డపీలికలు, కుట్టుమిషన్ ఆయిలు, పానాల సెట్టు పెట్టుకుని కూర్చోండి. "మీ సైకిలు తెండి, చూద్దాం" అని నాలుగిళ్ళకి చెప్పండి చాలు. పడి ఉన్న సైకిలుని ఈ వరసలో చూడాలి.

మొదట టైర్లు. వేలితో నొక్కి వంచి చూడండి, పక్క గోడలు ఎండిపోయి పగుళ్ళలోంచి లోపలి నూలు పోగులు కనిపిస్తే ఆ టైరు అయిపోయినట్టే, గాలి కొట్టినా నాలుగు రోజుల్లో పేలుతుంది. మార్చండి, జాలిపడకండి. టైరు సైజు పక్కనే అచ్చు వేసి ఉంటుంది, పాత పెద్ద సైకిళ్ళకి 28 బై ఒకటిన్నర, పిల్లల గేరు సైకిళ్ళకి ఎక్కువగా 26. షాపుకి వెళ్ళే ముందు ఆ అచ్చుని ఫోనులో ఫొటో తీసుకోండి, కళ్ళతో కొలిచి తెచ్చిన టైరు ఎప్పుడూ పట్టదు.

తర్వాత గాలి. పాత సైకిళ్ళ ట్యూబుకి వాల్ ట్యూబు ఉంటుంది, అంటే ఆ ఇత్తడి పుల్ల మీద తొడిగే చిన్న రబ్బరు గొట్టం. ఏళ్ళ తరబడి వాడకపోతే అది కరిగి అతుక్కుపోతుంది. "ట్యూబు పోయింది" అని జనం పారేసే సైకిళ్ళలో చాలావాటికి పోయింది ఈ వేలెడు రబ్బరు ముక్కే. పాతది గోటితో గీకేసి, కొత్తదానికి కాస్త ఉమ్ము రాసి తొడగండి, అన్ని షాపుల్లోనూ అలాగే చేస్తారు, సిగ్గుపడకండి.

చైను తీయగలిగితే తీసి ఆ పళ్ళెంలోని కిరసనాయిల్లోనో డీజిల్లోనో గంట నానబెట్టి, బ్రష్షుతో తోమి, గుడ్డతో పొడిగా తుడిచి, ఒక్కో లింకుకీ ఒక్కో చుక్క మిషన్ ఆయిలు. కొబ్బరినూనె వద్దు, అది చలికి పేరుకుంటుంది, దుమ్ము పట్టి జిగురవుతుంది. ఆయిలు వేశాక పైపైన తుడిచేయాలి, చైను బయట తడి ఉంటే మన రోడ్ల మట్టంతా దానికే అంటుకుంటుంది.

బ్రేకులు చూడండి. రబ్బరు కట్టలు గట్టిపడి గాజులా మెరుస్తుంటే పట్టవు, కొత్తవి వేయాలి, చాలా చవక. పెడల్ తొక్కినప్పుడు ప్రతి రౌండుకీ ఒకసారి "టక్, టక్" మంటుంటే అది కాటర్ పిన్ను (పెడల్ కాడని ఇరుసుకి బిగించే మేకు) వదులైంది, దాన్ని సుత్తితో కొట్టి బిగించేస్తే సరిపోతుందని నేను అనుకుని ఆ పెడల్ కాడ మీద సొట్ట పెట్టాను. పిన్ను అరిగిపోయి ఉంటే మార్చడమే, అది మెకానిక్‌కి వదిలేయండి. చక్రం తిప్పితే బ్రేకు కట్టలకి ఒకచోట తగులుతుంటే రిమ్ము ఔట్ ఉన్నట్టు, అంటే వంకరపోయినట్టు, పుల్లలు (స్పోకులు) బిగించి ఔట్ తీయడం చేయి తిరిగినవాళ్ళ పని. నేర్చుకోకుండా పుల్లల పానా పట్టుకుంటే గుండ్రటి చక్రం కోడిగుడ్డవుతుంది.

మొదటి ఆదివారం మేం ఆరు సైకిళ్ళు పట్టుకుంటే నాలుగు లేచాయి. అందులో ఒకటి నల్ల అట్లాస్, ఇరవై రెండు అంగుళాల ఫ్రేము, మా పక్కవీధి రిటైర్డ్ హెడ్మాస్టారిది. (ఆ అట్లాస్ కంపెనీ సాహిబాబాద్ ఫ్యాక్టరీ 2020లో మూతపడింది, ఏ రోజనుకున్నారు, జూన్ 3. ప్రపంచ సైకిల్ దినోత్సవం రోజున.) మాస్టారు చైను ఎక్కించగానే ఒక రౌండు వేసి వచ్చి, ఏమీ మాట్లాడకుండా బెల్లు మూత విప్పి, లోపల పళ్ళ చక్రానికి ఆయిలు చుక్క వేసుకున్నారు. ట్రింగు ట్రింగు మని అది మోగిన తర్వాతే నవ్వారు.

4. పంచరు వేయడం నలుగురికైనా రావాలి

వీధికి ఇద్దరు ముగ్గురు పంచరు వేయగలిగితే చాలు, సైకిలు వాడకం దానంతటది రెట్టింపు నమ్మకంతో నడుస్తుంది. పద్ధతి తెలిసిందే గానీ జనం రెండు చోట్ల తొందరపడతారు, అందుకే ప్యాచ్ ఊడిపోతుంది.

టైరుని ఒక పక్కే విప్పండి, చక్రం ఊడదీయక్కర్లేదు. స్క్రూడ్రైవరు వాడితే ఉన్న కన్నానికి ఇంకో కన్నం తోడవుతుంది, చివర గుండ్రంగా ఉన్న స్టీలు గరిట కాడైనా నయం. ట్యూబు లాగి గాలి కొట్టి నీళ్ళ బేసిన్లో ముంచితే బుడగలొచ్చే చోటు తెలుస్తుంది, ఇంకు పెన్నుతో పెద్ద సున్నా చుట్టండి, తుడిచేసరికి చోటు మాయమవుతుంది మరి. బాగా తుడిచి, ఆరనిచ్చి, గరుకు కాగితంతో నలుపు పోయి రంగు మారేదాకా రుద్దండి. సొల్యూషన్ పల్చగా, ప్యాచ్ కంటే కాస్త ఎక్కువ మేర రాయండి. ఇప్పుడు మొదటి తొందర: రాసిన వెంటనే అంటించేస్తారు. వద్దు. నాలుగైదు నిమిషాలు ఆగి, వేలి వెనక తాకితే అంటుకోకుండా ఉన్నప్పుడు ప్యాచ్ వేసి, గట్టి నేల మీద పెట్టి నొక్కి పట్టండి. రెండో తొందర: టైరు లోపల వెతకరు. లోపలంతా గుడ్డ పెట్టి తిప్పండి, గుడ్డ ఎక్కడ పట్టుకుంటే అక్కడ తుమ్మ ముల్లు ఉంటుంది. వేలు పెట్టి వెతికితే ముల్లు వేలికి దిగుతుంది, నా చూపుడువేలు సాక్షి.

5. సైకిల్ షాపు తాతని వదులుకోవద్దు

మేం ఆదివారాలు ఇలా కూర్చోవడం చూసి మా వైపు మెకానిక్ తాతకి కోపం వచ్చింది, న్యాయమే. మేం ఉచితంగా చేస్తే ఆయన పొట్ట కొట్టినట్టే. పోయి మాట్లాడితే, "ఇప్పుడెవులు తొక్కుతున్నారు బాబూ సైకిలు, ఉన్న నలుగుర్నీ మీరు లాక్కుంటే నానేటి తినాలి" అన్నాడు. అప్పటినుంచి ఒప్పందం ఏమిటంటే, ఆదివారం శుభ్రం చేయడం, ఆయిలు, గాలి మాత్రం మాది, ఔట్ తీయడం, హబ్బు (చక్రం నడిమి ఇరుసు) గోళీలు మార్చడం, కాటర్ పిన్నులు, టైర్లు అన్నీ ఆయనకే. ఇది మొదట్లోనే చేసుకోండి. ఈ పని నేర్చుకుంటామనే కుర్రాళ్ళు ఇప్పుడు దొరకడం లేదు, ఉన్న షాపు మూసేస్తే మీ వీధిలో సైకిళ్ళన్నీ మళ్ళీ మెట్ల కిందకే.

ఆయన్ని బేరమాడకండి. బైకు సర్వీసింగ్‌కి అడిగినంత ఇచ్చి వచ్చే మనం, పంచరు దగ్గర పది రూపాయలకి గీసి గీసి మాట్లాడతాం.

6. పంపు

ఈ మొత్తంలో మీ చేత్తో డబ్బు పెట్టాల్సింది దీనికే. కాలితో తొక్కిపెట్టి రెండు చేతులతో కొట్టే నిలువు పంపు, మీటరు ఉన్నదైతే మేలు. చవక ప్లాస్టిక్ ది కొనొద్దు, నెలలో దాని హ్యాండిలు చేతిలోకి వస్తుంది. పాత వాల్ ట్యూబుకీ, కొత్త సైకిళ్ళ బైకు తరహా వాల్వుకీ రెండింటికీ పట్టే మూతి ఉందో లేదో షాపులోనే చూసుకోండి.

దాన్ని ఇంట్లో పెట్టుకుంటే ఎవరూ రారు. మీ గేటు తట్టి "అండీ, పంపు ఇస్తారా" అని అడగడం మనవాళ్ళకి మొహమాటం. కిరాణా కొట్టు ముందు స్తంభానికి గొలుసుతో కట్టేయండి, పొద్దున్న 5 నుంచి రాత్రి 9 దాకా ఎవరైనా కొట్టుకోవచ్చు, డబ్బుల్లేవు. మా కొట్టు ఆయన మొదట గొణిగాడు, ఇప్పుడు గాలి కోసం ఆగినవాళ్ళు బీడీ కట్టో, పాల ప్యాకెట్టో, పిల్లలైతే చాక్లెట్టో కొంటున్నారని పంపు తనదే అన్నట్టు కాపలా కాస్తున్నాడు. నేను మాట్లాడిన తాపీ మేస్త్రీ ఇప్పుడు దారి మార్చుకుని మా వీధిలోంచే వెళ్తున్నాడు.

పెట్రోలు బంకులో సైకిలుకి గాలి పట్టించొద్దని పిల్లలకి చెప్పండి, కంప్రెసర్ గాలి ఒక్కసారిగా దూకి సన్నటి ట్యూబుని పేల్చేస్తుంది. ఎంత కొట్టాలన్నది టైరు పక్కన రాసే ఉంటుంది. చూడటం కష్టమైతే, మీరు ఎక్కి కూర్చున్నప్పుడు వెనక టైరు నేల దగ్గర కొంచెమే ఉబ్బాలి.

7. నామోషీ

దీనికి పానా లేదు. మన దగ్గర సైకిలు అంటే చిన్నప్పుడు తొక్కేది, లేదా లేనివాళ్ళు తొక్కేది. ఉద్యోగస్తుడు తొక్కితే రెండే కారణాలు చెప్పుకుంటారు, డాక్టరు చెప్పి ఉంటాడు, లేకపోతే లోన్లు ఎక్కువై ఉంటాయి. మా బావమరిది అయితే నన్ను పక్కకి పిలిచి "బావా, డబ్బులేమైనా సర్దమంటావా" అని అడిగాడు, ప్రేమతోనే.

దీనికి ఉపన్యాసం పనిచేయదు. ఏం పనిచేసిందంటే, ఊళ్ళో నలుగురూ లేచి నమస్కారం పెట్టే మనుషుల్ని, ఒక డాక్టరమ్మ, ఒక పూజారిగారు, లెక్కలు చెప్పే లెక్చరరు, ఇలా ముగ్గుర్ని పట్టుకుని "మీరేమీ మాట్లాడక్కర్లేదు, రోజూ సాయంత్రం కూరలకి మాత్రం సైకిలు మీద వెళ్ళండి" అని అడగడం. ఫొటోలు తీయొద్దు. ఫొటో తీస్తే అది కార్యక్రమం అయిపోతుంది, కార్యక్రమం అంటే ఒక్కరోజే. ఊరికే, ఆనపకాయ హ్యాండిలుకి వేలాడుతుండగా డాక్టరమ్మ సైకిలు తొక్కుకుంటూ పోవడం పది రోజులు కనిపిస్తే పదకొండో రోజు ఎవరూ తిరిగి చూడరు. తిరిగి చూడకపోవడమే మనకి కావాల్సింది.

పనివాళ్ళ సైకిలుని, మన సైకిలుని వేరు చేయకండి. గేర్ల సైకిలు వాళ్ళంతా ఒక గ్రూపు కట్టి కళింగపట్నం బీచికి ఆదివారం వెళ్ళడం మంచిదే, వెళ్ళండి, కానీ అది వేరే ఆట.

8. ఆడవాళ్ళకి నేర్పడం

తమిళనాడులో పుదుక్కోట్టై జిల్లాలో 1990ల మొదట్లో అక్షరాస్యతా ఉద్యమంలో భాగంగా ఆడవాళ్ళకి సైకిలు నేర్పించారు, అప్పటి కలెక్టరు షీలా రాణీ చుంకత్ వెన్నుదన్నుగా నిలిచారు, లక్షమంది దాకా నేర్చుకున్నారు. కూలివాళ్ళు, క్వారీల్లో పనిచేసేవాళ్ళు, అంగన్‌వాడీ వాళ్ళు. నీళ్ళ బిందెలు వెనక కట్టుకుని, పిల్లని ముందు కూర్చోబెట్టుకుని తొక్కారు. బీహార్‌లో 2006 నుంచి తొమ్మిదో తరగతి ఆడపిల్లలకి సైకిళ్ళు ఇచ్చాక హైస్కూలు మానేయడం బాగా తగ్గింది. మన దగ్గర ఎందుకు కాదు?

మా పద్ధతి ఇది. పొద్దున్న 5:30కి, ఆర్ట్స్ కాలేజీ గ్రౌండు లాంటి విశాలమైన చోట. వెనక పట్టుకుని పరిగెత్తడం అనే పాత పద్ధతి మానేయండి, పట్టుకున్నవాడు వదిలేస్తాడనే భయమే సగం పడేస్తుంది. సీటు పూర్తిగా కిందికి దించండి, రెండు పాదాలూ నేలకి పూర్తిగా ఆనాలి. రెండు పెడళ్ళూ విప్పేయండి, సన్నటి 15 నంబరు పానా కావాలి. ఎడమ పెడల్ మర ఉల్టా ఉంటుంది, మామూలు వైపు తిప్పితే ఇంకా బిగుసుకుంటుంది, ఇది తెలియక ఒక అరగంట చెమటోడ్చాం. పెడళ్ళు లేని సైకిలు మీద కూర్చుని కాళ్ళతో నేలని తోసుకుంటూ ముందుకి పోవాలి, కాసేపటికి రెండు కాళ్ళూ ఎత్తి నాలుగు గజాలు దొర్లించగలిగితే బ్యాలెన్స్ వచ్చేసినట్టే. అప్పుడు పెడళ్ళు బిగించి సీటు కొంచెం కొంచెం పైకి. యాభై దాటిన ఒకావిడ మూడో రోజుకి తొక్కేశారు.

చీరకీ చున్నీకీ భయం చైనుతోనూ, వెనక పుల్లలతోనూ. పూర్తి చైన్ కవరు, వెనక చక్రానికి జాలీ, ఈ రెండూ లేనిదే సైకిలు ఇవ్వకండి. చున్నీ వెనక్కి ముడి. కడ్డీ లేని లేడీస్ ఫ్రేము అందరికీ సౌకర్యమే, ముసలివాళ్ళకి కూడా, ఆ పేరు చూసి మగవాళ్ళు ఎక్కరు, అదో జబ్బు.

ఒక్క గట్టి నియమం, భర్తలు నేర్పకూడదు. గ్రౌండుకి రానీయకండి. ఎందుకో పెళ్ళైన ప్రతివారికీ తెలుసు.

9. బడి పిల్లలు గుంపుగా

తొమ్మిదో తరగతి పిల్లాడు స్కూటీ మీద ఇద్దర్ని ఎక్కించుకుని బడికి పోవడం మన ఊళ్ళో మామూలైపోయింది. తల్లిదండ్రులకి ఈ మాట నెమ్మదిగా చెప్పండి: 18 నిండకుండా బండి నడిపి పట్టుబడితే, 2019 సవరణ తర్వాత, ఇంటి పెద్దకి 25 వేల జరిమానా, మూడేళ్ళ వరకూ జైలు పడొచ్చు. (16 నిండినవాళ్ళకి గేర్లు లేని 50 సీసీ లోపు బండికే లైసెన్సు.) సైకిలుకి లైసెన్సు, రిజిస్ట్రేషన్, ఇన్సూరెన్సు ఏదీ అక్కర్లేదు.

పిల్లల్ని ఒక్కొక్కర్నీ పంపడానికి అమ్మలకి టెన్షన్, అందుకే బస్సు లెక్కన నడపాలి. ఒకే బడికి, ఒకే వైపు నుంచి వెళ్ళే ఎనిమిది పదిమంది, ముందు ఒక పెద్ద, వెనక ఒక పెద్ద. ఫలానా గుడి దగ్గర 8:05, ఫలానా కొట్టు దగ్గర 8:10, ఇలా టైములు కాగితం మీద రాసి ఇళ్ళకి ఇవ్వండి, రెండు నిమిషాలు చూసి కదిలిపోవాలి, లేట్ అయినవాడి కోసం ఆగితే మూడో రోజుకి అందరూ లేట్ అవుతారు. పెద్దలు వారానికి ఒక రోజు వంతు వేసుకుంటే ఎవరికీ బరువు కాదు. ముందు వెళ్ళే పెద్ద అందరికంటే చిన్నపిల్ల వేగంతో వెళ్ళాలి, ఇది నాన్నలకి పదేపదే చెప్పాల్సి వస్తుంది.

పది కిలోల పుస్తకాల సంచి వీపుకి తగిలించి పంపొద్దు, వెనక క్యారేజీకి పాత ట్యూబుతో కట్టండి. పాత ట్యూబు కోసినవి మెకానిక్ తాత ఊరికే ఇస్తాడు.

10. దారులు, దొంగలు, ఎండ, వాన

మెయిన్ రోడ్డు మీద తొక్కడం ధైర్యం అనుకోకండి. ప్రతి మెయిన్ రోడ్డుకీ వెనక ఒక సందు ఉంటుంది, రెండు వందల గజాలు ఎక్కువైతే కానీయండి. ఏడు రోడ్ల లాంటి చోట దిగి నడిపించుకుని దాటడమే తెలివి. నేషనల్ హైవే మీదికి పిల్లల్ని అసలు పంపొద్దు. ఎడమవైపే వెళ్ళాలి, నడిచేవాళ్ళలా ఎదురుగా రాకూడదు, అలాగని కాలవ అంచున కూడా పోకండి, ఒక మీటరు లోపలికి ఉంటే వెనకవాడు మిమ్మల్ని చూసి తప్పుకుంటాడు. ఆగి ఉన్న కారు పక్కనుంచి పోయేటప్పుడు తలుపు తెరుచుకుంటుందనే అనుకోండి. కుక్కలు వెంటపడితే పరుగు తీయొద్దు, దిగి సైకిలు అడ్డంపెట్టి నడిస్తే సగం కుక్కలకి ఆసక్తి పోతుంది.

నా సైకిలు ఒకటి ఒక ఆఫీసు ముందు పోయింది. వెనక చక్రానికి ఉండే గుర్రపునాడా తాళం వేసే ఉంది, వాడు ఎత్తుకుపోయాడు. గొలుసు తాళంతో ఫ్రేముని కిటికీ ఊచకో స్తంభానికో కట్టాలి. సీటు గొట్టం దగ్గరో, పెడళ్ళ ఇరుసు అడుగునో ఫ్రేము నంబరు చెక్కి ఉంటుంది, ఇవాళే ఫొటో తీసి పెట్టుకోండి, నేను తీయలేదు కాబట్టి స్టేషన్లో "నల్ల సైకిలండీ" అని మాత్రమే చెప్పగలిగాను.

ఏప్రిల్, మే నెలల్లో పొద్దున్న 9 లోపు, సాయంత్రం 5 తర్వాత. తలకి తడి తువ్వాలు. ఆఫీసుకి వెళ్ళేవాళ్ళు బనీనుతో తొక్కి చొక్కా అక్కడ వేసుకుంటే సరిపోతుంది. వానలో రిమ్ము తడిస్తే బ్రేకు పట్టడానికి రెట్టింపు దూరం కావాలి, ముందునుంచే మెల్లగా నొక్కుతూ రావాలి. అక్టోబరు వస్తే తుపాన్ల సీజను, 2014లో హుద్‌హుద్, 2018లో తిత్లీ రెండూ అక్టోబరులోనే వచ్చాయి. గాలి మొదలైందంటే సైకిలు తీయొద్దు. తుపాను వెళ్ళిపోయాక మాత్రం, చెట్లు విరిగి రోడ్డుకి అడ్డంపడి ఉన్నప్పుడు, భుజాన ఎత్తుకుని దాటించగలిగే బండి ఇదొక్కటే.

రాత్రికి వెనక ఎర్ర లైటు, పెడళ్ళకి రిఫ్లెక్టర్లు. తాపీ పనివాళ్ళ సైకిళ్ళకి మేమే తలో చిన్న లైటు కట్టాం, మా ర్యాలీ టీషర్టుల డబ్బుతో పోలిస్తే అది ఏమూలకి.

11. కార్పొరేషన్‌ని అడగడం

సైకిల్ ట్రాక్ కావాలని అడగకండి, ఇప్పుడు రాదు. ఫలానా సందు మొదట్లో మ్యాన్‌హోల్ జాలీ ఊచలు రోడ్డు పోయే దిశలోనే ఉన్నాయి, చక్రం ఇరుక్కుంటోంది, అడ్డంగా తిప్పి వేయండి. ఫలానా స్పీడు బ్రేకరు చివర ఒక అడుగు ఖాళీ వదలండి. రైతుబజారు దగ్గర నీడలో పది సైకిళ్ళకి ఇనప కడ్డీ పాతండి. ఇంత చిన్నగా, ఫొటోతో, మీరు పెట్టిన గీతల లెక్కతో, పదిమంది సంతకాలతో సోమవారం ఫిర్యాదులు తీసుకునే గ్రీవెన్స్‌లో ఇవ్వండి. ఒక కాగితంలో ఒకే కోరిక. రసీదు తీసుకుని రెండు వారాలకి మళ్ళీ వెళ్ళండి. మా జాలీ నాలుగోసారికి తిరిగింది. రథసప్తమికి అరసవల్లి వైపు వాహనాలు ఆపేస్తారు కదా, ఆ రోజు సైకిళ్ళకి వేరే స్టాండు ఇమ్మని ముందు నెలలోనే అడగాలి, మేం ఆలస్యంగా అడిగి దొరక్క ఒక తెలిసినాయన పెరట్లో పెట్టించాం.

ఇక పంపు సంగతి ఒకటి మర్చిపోయాను. ఆరు నెలలు వాడాక ఒక రోజు హ్యాండిలు జారిపోతూ గాలి ఎక్కదు, జనం "పాడైపోయింది" అని ఒక చీటీ కట్టేస్తారు. పారేయకండి. పై మూత విప్పి కడ్డీ లాగితే చివర తోలు వాషరు ఉంటుంది, ఎండిపోయి ముడుచుకుని ఉంటుంది. దానికి రెండు చుక్కల నూనె పట్టించి, అంచులు వేళ్ళతో గొడుగులా విప్పి, రాత్రంతా నానబెట్టి, మళ్ళీ తోసేయండి. పొద్దున్న ఐదింటికి పేపరు కుర్రాళ్ళు వచ్చేలోపు గొలుసు కట్టేయడం మాత్రం మర్చిపోవద్దు.